భుజం మీది మడత

నాకు ఒక పొగరు ఉండేది. మనిషిని ఒకసారి చూస్తే చాలు, టేపు అక్కర్లేదని. రియాద్‌లో, మలాజ్ అనే పేటలో లేడీస్ టైలర్‌గా పనిచేసిన రోజుల్లో అది ఇంకా ముదిరింది. అక్కడ ఆడవాళ్లు దుకాణంలోకి రారు. కిటికీలోంచి ఒక పాత గౌను, కొత్త గుడ్డ లోపలికి ఇచ్చి పోతారు. పాతదాన్ని చూసి కొత్తది కుట్టాలి. ఎవరి భుజమూ కొలవకుండా ఏళ్ల తరబడి కుట్టాను. సరిపోలేదని తిరిగొచ్చినవి బహు తక్కువ.

ఆ ఏడు రంజాన్‌కు ముందు ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. బిడ్డ పెద్దమనిషి అయిందట, లంగా ఓణీ ఫంక్షన్‌కు రోజు చూశారట. నేను దాన్ని చూసి అప్పటికి మూడేళ్లు. సెలవు అడిగితే కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, తల ఎత్తకుండానే ‘ఈద్ తర్వాత’ అన్నాడు. పండగ బట్టల రద్దీలో టైలర్‌ను ఎవరు వదులుతారు? ఒళ్లు మండింది గానీ నా పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది. నేను పోలేకపోతే పోయాను, నా చేత్తో కుట్టిన లంగా జాకెట్టు పోవాలనుకున్నాను. అవి కట్టుకొని బిడ్డ పీట మీద కూర్చుంటే నేనూ అక్కడ ఉన్నట్టే.

“కొలతలు చెప్త, రాసుకో” అంది నా భార్య ఫోన్లో.

“నా బిడ్డ కొలత నువ్వు నాకు చెప్తవా?”

“గట్ల గాదు, పిల్ల బాగ ఎదిగింది.”

“మూడేండ్లకు ఎంత ఎదుగుతరో నాకు తెల్వదా? పెట్టు ఫోను.”

గులాబి రంగు పట్టు కొన్నాను. మనసులో ఉన్న పిల్లకు మూడేళ్లు కలిపి కత్తెర పెట్టాను. కుట్టు లోపల ఎక్కువ గుడ్డ వదిలితే పనితనం తక్కువని నా లెక్క. అంగుళం కూడా వదలకుండా కోసి, తిరగేసినా అందంగా ఉండేటట్టు కుట్టాను. మా జగిత్యాల దిక్కు పోయే ఒకాయన చేతికి ఇచ్చి పంపాను.

పార్సిల్ పోయిన మర్నాడు ఒక జపాన్ ఇంజనీరు ఏడేళ్ల కూతురి చెయ్యి పట్టుకొని దుకాణంలోకి వచ్చాడు. మెత్తటి కాగితంలోంచి పిల్లల కిమోనో ఒకటి తీసి బల్ల మీద పరిచాడు. ఎర్ర పట్టు, మీద తెల్లటి కొంగలు. వాళ్ల దేశంలో ఆడపిల్లకు మూడేళ్లకు, ఏడేళ్లకు, మగపిల్లవాడికి అయిదేళ్లకు పట్టుబట్టలు కట్టి గుడికి తీసుకుపోతారట. ఆ పండగ ఆ నవంబర్లోనే. ఇక్కడ గుడి లేదు, ఇంట్లోనే కట్టి ఫొటో తీస్తామన్నాడు. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకటే కాబట్టి బాగానే అర్థమైంది. భార్యకు చెయ్యి విరిగి కట్టు కట్టారట, లేకుంటే ఆమే కుట్టేదట.

ఆ కిమోనోకు రెండు భుజాల మీదా, నడుము దగ్గరా పెద్ద పెద్ద మడతలు పెట్టి కుట్టి ఉన్నాయి. ఇంత గుడ్డ దండుగ ఎందుకు, కోసి సాపు చేస్తానని కత్తెర తీశాను. ఆయన గబుక్కున రెండు చేతులూ కిమోనో మీద పెట్టేశాడు. ఏడేళ్లప్పుడు ఆయన భార్య కట్టుకున్నదట అది. ఆమె తల్లి కుట్టిందట. పిల్ల పెరుగుతుందని తెలిసే ఆ మడతలు పెడతారు, ఎదిగినంత విప్పి మళ్లీ కుట్టుకుంటారు. ఇప్పుడు కొంచెం విప్పాలి, అంతే.

“చూశాను, చాలు” అన్నాను పిల్లను ఒకసారి చూసి.

ఆయన ఒప్పుకోలేదు. పోయిన నెలే ఇంట్లో కొలిచాడట, అయినా మళ్లీ కొలవమన్నాడు. రోజూ పక్కన కూర్చోబెట్టుకొని అన్నం తినే తండ్రి! నెలలోనే మారి ఉంటుందని ఆయన భయం.

పిల్లను స్టూలు మీద నిలబెట్టి టేపు తీశాను. మూడేళ్లలో నేను ఒక పిల్ల భుజం కొలవడం అదే మొదలు. కంటికి తోచిన దానికీ టేపు చెప్పిన దానికీ రెండు వేళ్ల తేడా వచ్చింది. పార్సిల్ అప్పటికే విమానం ఎక్కి పోయింది.

ఫంక్షన్ రోజు దాకా అన్నం సహించలేదు. ఆ సాయంత్రం ఫోన్ చేసి ముందు అదే అడిగాను.

“సరిపోయిందా బిడ్డా?”

“మంచిగ సరిపోయింది బాపు. అందరు మెచ్చుకున్నరు.”

కళ్లనీళ్లు తిరిగాయి. నా కన్ను నా బిడ్డ దగ్గర తప్పలేదని దుకాణమంతా చెప్పుకున్నాను.

ఈద్ అయ్యాక సెలవు దొరికి ఇంటికి పోయాను. గుమ్మంలో నిలబడ్డ బిడ్డను చూసి వాళ్లమ్మ అనుకున్నాను ముందు. అంత పొడుగైంది. రెండో రోజు పెట్టెలో నా జాకెట్టు కనబడింది. రెండు పక్కలా కుట్లు విప్పేసి, చంకల కింద నాలుగు వేళ్ల వెడల్పున వేరే గులాబి గుడ్డ అతికించి ఉంది. ఊళ్లో ఎవరో టైలర్ తొందరలో కుట్టిన వంకర కుట్టు. దాన్ని పట్టుకొని అక్కడే కూర్చుండిపోయాను.

బిడ్డ వచ్చి నా చేతిలోంచి మెల్లగా తీసుకుంది.

“ఎందుకు చెప్పలేదు బిడ్డా?”

“నువ్వు అక్కడ ఒక్కనివే ఉంటవు కద బాపు.”

“ఇంకోటి కుడత. చూసుకుంట కుడత ఈసారి” అని టేపు తీసి, నిలబడమన్నాను. అది తల వంచుకొని ఓణీ సర్దుకుంది. ఒక అడుగు వెనక్కి వేసింది.

“అమ్మ కొలిచి చెప్తది బాపు. నువ్వు రాసుకో.”

టేపు దాని చేతికిచ్చాను. లోపలి గదిలోంచి నా భార్య ఒక్కో కొలతా చెబుతుంటే వసారాలో కూర్చొని రాసుకున్నాను.