ప్రవర్తన సంతృప్తికరం, ఖాతా పరిమితం

ఆ రోజులు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. లోకంలో అందరూ బాల్యంలో ఆడుకుంటారు. నా వంతు ఆట మాత్రం నాకు పదవీ విరమణ తరువాతగాని రాలేదు. మా నాన్నగారు చర్చి బడిలో ఉపాధ్యాయులు. ఆదివారం ఆట పాపమనీ, మిగిలిన రోజుల్లో ఆట సోమరితనమనీ నమ్మిన మనిషి. నేను ఆయనకు తగిన కొడుకునే. పర్చూరులో ప్రధానోపాధ్యాయుడిగా చేరిన కొత్తలో నేను చేయించిన మొదటి పని, బడి గేటు ముందు 'ఇచ్చట హారన్ మోగించరాదు' అన్న బోర్డు పెట్టించడం. (ఆ దారిన పోయే పొగాకు లారీలు దాన్ని చదివి మరీ మోగించేవన్నది వేరే సంగతి.) అటువంటి నేను కంప్యూటరులో లారీలు నడిపే ఆటలో చేరవలసి వచ్చింది. కారణం, మా బావగారి మోకాలు.

బావగారిది సత్తెనపల్లి. జీవితమంతా మిర్చి కమీషన్ వ్యాపారం చేసి, కొట్టు మూసేశాక, లారీల మీద మమకారం చావక ఈ ఆటలో పడ్డారు. అందులో స్నేహితులుగా నమోదైనవారు ఎవరి ఇంట్లో వారు కూర్చునే, ఒకరి వెనుక ఒకరు లారీలు నడుపుకుంటూ పోవచ్చు. మోకాలికి ఆపరేషన్ అయ్యాక ఆయన ఆటా మానేశారు, డాక్టరు చెప్పిన వ్యాయామమూ మానేశారు. గోడవైపు తిరిగి పడుకున్నారు. మా అక్క ఫోను చేసింది.

"ఒరేయ్, మీ బావ మంచం దిగట్లేదురా. ఇట్టాగే వదిలేస్తే కాలు బిగుసుకుపోద్దంట. నువ్వు ఆటలో కలిస్తే లేచి కుర్చీలో కూర్చుంటానంటున్నాడు."

"నేనా? ఆటా?"

"ఆఁ, నువ్వే. బళ్ళో పిల్లల్ని ఏడిపించింది చాలుగానీ, ఈ ముసలాణ్ణి కాస్త ఆడించు."

ఖాతా తెరిచాను. ఆట ఉచితమే. కాని బావగారిని స్నేహితుడిగా చేర్చుకోబోతే తెరమీద ఒక ప్రకటన ప్రత్యక్షమైంది. నాది పరిమిత ఖాతా అట; ఆటలోని దుకాణంలో కనీస మొత్తం ఖర్చు చేసేవరకు స్నేహితులను చేర్చుకోవడం, సందేశాలు పంపడం కుదరదట; మోసగాళ్ళను, చెత్త సందేశాలు గుప్పించేవారిని అరికట్టడానికే ఈ నియమమట. నియమాలంటే నాకు గౌరవం. కాని ఈ నియమం నన్ను మోసగాళ్ళ వరుసలో నిలబెట్టింది! ఆ మొత్తం నాకు భారమేమీ కాదు. డబ్బిచ్చి సచ్ఛీలం కొనుక్కోవడమన్నదే మింగుడుపడలేదు. సచ్ఛీలానికి మన దేశంలో ఒక పత్రం ఉన్నది. ఎందరో పిల్లలకు నా చేతితో నేనే ఇచ్చాను. విచారిస్తే నా దగ్గర మాత్రం ఒక్కటీ లేదు.

మర్నాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మా పాత బడికి వెళ్ళాను. ఇప్పటి ప్రధానోపాధ్యాయురాలు ఒకప్పటి నా విద్యార్థిని.

"కాండక్ట్ సర్టిఫికెట్టా సార్? ఎవరికండీ?"

"నాకే."

"ఎక్కడన్నా చేరుతున్నారా సార్?"

"లారీల ఆటలో."

ఆమె బీరువా తెరిచి, అందులో తలపెట్టి, చాలాసేపు ఏదో వెతికింది. (భుజాలు ఎందుకు కదులుతున్నాయో నేను అడగలేదు.) తరువాత 'ప్రవర్తన: సంతృప్తికరం' అని రాసి, గుండ్రటి ముద్ర వేసి ఇచ్చింది.

"'చాలా మంచిది' అని రాయకూడదా అమ్మా?" అన్నాను.

"మీరు ఎవరికీ అట్లా రాయలేదు కదండీ," అంది వినయంగా.

ఆ పత్రాన్ని ఫొటో తీసి, ఇంగ్లీషులో ఒక విన్నపం జతచేసి, ఆట కంపెనీవారి సహాయ విభాగానికి పంపాను. జవాబు లేదు. కార్యాలయ మర్యాద ప్రకారం మొదటి రిమైండరు, రెండవ రిమైండరు, ఆపైన తుది రిమైండరు పంపాను, ప్రతిదానికీ మునుపటివాటి నకళ్ళు జతపరచి. అప్పుడు వచ్చింది జవాబు. ఒకే సందేశం పదేపదే పంపుతున్నందువల్ల నన్ను చెత్త సందేశాల అనుమానితుడిగా గుర్తించారట; ఇక కొంతకాలం సహాయ విభాగానికి కూడా నేను రాయకూడదట.

ఈ అవమానాన్ని ఫోనులో అక్కకు వివరిస్తుండగా అటునుంచి వింత శబ్దం వినిపించింది. బావగారు నవ్వుతున్నారు. నవ్వి నవ్వి, మంచంకోడు పట్టుకుని లేచి కూర్చుని, ఫోను లాక్కున్నారు.

"ఏవయ్యా మేష్టారూ, నీకు దొంగ ముద్రేశారంటగా! మంచిపని చేశారు."

"ఇందులో మంచేముంది బావగారూ? ముద్ర వేసిన పత్రం పంపితే..."

"పత్రమా? ఆ మధ్య ఆటలో ఒకడు తగిలాడు. రిటైర్డ్ ప్రిన్సిపాల్నన్నాడు. ఎంత మర్యాదయ్యా, అచ్చం నీలాగే రాశాడు! కింద 'మీ శ్రేయోభిలాషి' అని కూడా. నా ఎర్ర లారీ ఒకసారి నడిపి ఇచ్చేస్తానని తీసుకున్నాడు, పోయాడు. ఇట్టాంటోళ్ళు ఎక్కువయ్యాకే ఈ రూలు పెట్టారు. సిగ్గేసి మీ అక్కకి కూడా చెప్పలా."

"అందుకా అప్పుడు అన్నం సరిగ్గా తినంది!" అని వెనుకనుంచి అక్క.

"నువ్వుండవే. మేష్టారూ, మిర్చి యార్డులోకి కొత్త వ్యాపారి దిగితే మేం వాడి చొక్కా చూశామా, చదువు చూశామా? ముందు నాలుగు బస్తాల మిరపకాయలు కొను నాయనా అనేవాళ్ళం. ఆ తర్వాతే కుర్చీ, ఆ తర్వాతే టీ. ధరలడిగి పోయేవాళ్ళందరికీ టీలిస్తే కొట్టు మిగులుద్దా? నీకింకా టీ రాలేదయ్యా, అంతే!"

ఫోను చెవి దగ్గర ఉండగానే ఆటలోని దుకాణం తెరిచాను. అద్దాలు, వెనుక దీపాలు, మడ్‌గార్డులు, ఇలా అవసరమైనవన్నీ కొన్నా కనీస మొత్తం నిండలేదు. మిగిలినవన్నీ విలాసాలే: రంగుల కుచ్చులు, పూలదండలు, బండి ముందు కట్టే నిమ్మకాయ మిరపకాయల దండ. ("అది కట్టావంటే పాస్టరుగారు నీతో మాట్లాడరు," అంది అక్క.) చివరికి ఆరు స్వరాలు పలికే హారన్ కొన్నాను. నాకోసం నేను కొనుక్కున్న మొదటి ఆటవస్తువు అది. ఖాతాకు పరిమితి తొలగింది.

ఆదివారం ఆరాధన ముగిశాక మా ప్రయాణం మొదలైంది. ప్రతి ఎర్రదీపం దగ్గరా నేను ఆగాను. "ఆగమాకయ్యా, పోలీసు లేడు!" అని ఫోను స్పీకరులో బావగారు, "పోలీసు ఉంటేనే ఆగేవాడు పౌరుడా?" అని నేను. ఆ తగాదా సాగినంతసేపూ ఆయన కుర్చీలో కూర్చుని, తనకు తెలియకుండానే కాలు చాపుతూ ముడుస్తూ ఉన్నారని అక్క తరువాత చెప్పింది.

ఇప్పుడు బావగారు కర్ర లేకుండా నడుస్తున్నారు. వైద్యరీత్యా ఆటతో మాకు పని లేదు; అయినా మా లారీలు ఆదివారం ఆదివారం బయలుదేరుతూనే ఉన్నాయి. ఆ ఆటలో ఒక మలుపు దగ్గర చిన్న బడి ఉంది. దాని గేటు ముందు ఎవరో బాధ్యత తెలిసినవారు, హారన్ బొమ్మ మీద అడ్డగీత కొట్టిన బోర్డు పెట్టారు. అక్కడ నేను ఎప్పుడూ మౌనంగా సాగిపోయేవాణ్ణి. మొన్న ఎందుకో లారీ వేగం తగ్గించి, ఆ బోర్డును కాసేపు చూసి, ఆరు స్వరాలూ మోగించాను.

వెనుక లారీనుంచి బావగారు, "ఇంకోసారి కొట్టు మేష్టారూ!" అన్నారు.

కొట్టాను.