అమ్మ తోమిన రూపాయి

మా పూజగదిలో లక్ష్మీదేవి పటం ముందు రెండు పాత వెండి రూపాయిలు ఉంటాయి. రెండింటి మీదా రాణి బొమ్మే, రెండూ ఒకే ఏడాదివి. మా బోగోలు వైపు సముద్రపు గాలికి వెండి ఇట్టే నల్లబడుతుంది. అందుకని మా అమ్మ ప్రతి శుక్రవారం వాటిని చింతపండుతో తోమి, విభూతితో రుద్ది, కడిగి, కుంకుమ పెట్టేది. అమ్మ తర్వాత నా భార్య, ఇప్పుడు నా కోడలు.

ఆ కోడలే పాత నాణేల వ్యాపారం పెట్టింది. ఫోనులో ఫోటోలు పెడితే ఎక్కడెక్కడి వాళ్ళో కొంటారు. లక్ష్మిని అంగట్లో పెట్టడమేమిటని నాకు మొదట్లో మనసొప్పలేదు. కానీ నేను పురాణం చెప్పే ఏకాదశి పారాయణకు ఒక్కసారీ తప్పని పిల్ల, ఆడవాళ్ళ వరసలో ముందు కూర్చుని ప్రతి మాటా చెవిన వేసుకునే పిల్ల. ఆమె తప్పు చేయదని ఊరుకున్నాను.

మా భజన మందిరంలో మృదంగం వాయించే మిత్రుడు తన అత్తగారి నాణేలు మూటగట్టి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "మీ మామ మాట మీద ఇస్తాండానమ్మా" అన్నాడు. ఆయన ఇస్తే మిగతావాళ్ళూ ఇస్తారు. తేడా వస్తే మందిరంలో ఇక మా ఇంటి మాట ఎవరూ వినరు.

పాత నాణేన్ని పరీక్షించి, అసలుదో నకిలీదో, ఎంత బాగా నిలిచిందో తేల్చి, గ్రేడు వేసి ప్లాస్టిక్ డబ్బీలో సీలు చేసి ఇచ్చే కంపెనీలున్నాయి. పేరున్నవాళ్ళకు పంపితే ఖర్చెక్కువ, ఆలస్యం. ఎవరూ పెద్దగా ఎరగని చిన్న కంపెనీలు రెండు కోడలి కంటబడ్డాయి. ఒకదాని వెబ్‌సైటు పెళ్ళిపందిరిలా వెలిగిపోతోంది. రెండోదాంట్లో ఫోటోలు కూడా సరిగా లేవు. ఆ డబ్బీలు కొన్నవాళ్ళను ఆమె అడిగింది. లేబులు మీది నంబరు కంపెనీ వెబ్‌సైటులో కొడితే అదే నాణెం కనబడుతోందా అని చూసింది. గ్రేడు వేసే ఆ కంపెనీలే నాణేలు కూడా అమ్ముకుంటున్నాయేమో ఆరా తీసింది. ఒకరు మెచ్చినదాన్ని ఇంకొకరు తిట్టారు. ఏదీ తేలలేదు.

ఒకరోజు పూజయ్యాక నా దగ్గరికొచ్చింది.

"మామా, అమ్మవారి రూపాయిలు రెండూ ఇస్తారా? ఒక్కో కంపెనీకి ఒకటి పంపుతాను."

"అమ్మడానికా?"

"అయ్యో, కాదు మామా! స్వాములకు మీరు పెట్టే పరీక్ష వీళ్ళకీ పెడదామని."

ఆ పరీక్ష మా మందిరంలో తాతల నాటిది. ప్రవచనం చెప్పడానికి కొత్తాయన ఎవరొచ్చినా, మొదటి సాయంత్రం మాలో ఒకరం కావాలనే ఒక శ్లోకానికి తప్పు అర్థం చెప్పి "అంతే గదా స్వామీ?" అంటాం. పెద్దవాళ్ళు చెప్పారు గదా అని తలూపినాయనకు శాలువా కప్పి, మర్నాడు బస్సెక్కిస్తాం. "కాదు నాయనా" అన్నాయనను మాత్రం ఇంకొన్నాళ్ళు ఉండమని బతిమాలుకుంటాం.

వెలిగిపోయే కంపెనీ నుంచి మొదటి రూపాయి ఊదారంగు డబ్బీలో తొందరగా వచ్చేసింది. ఎంతో గొప్ప గ్రేడు. ఎవరూ తోమని సహజమైన మెరుపని కూడా రాశారు. నేను పొంగిపోయాను. ఆ మెరుపు మా అమ్మ చేతిది మరి!

రెండోది ఆలస్యంగా వచ్చింది. విప్పేసరికి మృదంగం ఆయన మా వరండాలోనే ఉన్నాడు. నాణెం అసలుదేననీ, తోమి శుభ్రం చేశారు కాబట్టి గ్రేడు ఇవ్వలేమనీ లేబులు మీద ఉంది.

"ఏందన్నా, మీ లక్ష్మిని ఫెయిల్ చేసినారే!" అని ఆయన పడీపడీ నవ్వాడు.

నాకు ఒళ్ళు మండింది. దేవుడి పీట మీది రూపాయికి వంక పెడతారా? కోడలు మాత్రం ఆ డబ్బీని కళ్ళకద్దుకుంది.

"బాబాయ్, మీ నాణేలు వీళ్ళకే."

"అదేందమ్మా! మార్కులు ఎక్కువేసేదే మంచి బడి గదా. నాకా ఊదా డబ్బీలే చేయించు."

"తోమితే గీతలు పడి పాత నాణేనికి విలువ పోతాది బాబాయ్. వీటిని పోయిన నెల దాకా ఈ చేత్తోనే తోమినాను గదా. తోమలేదని రాసినోడు నాణేన్ని చూడకుండానన్నా రాసుండాల, లేదంటే చూసి కూడా నన్ను సంతోషపెట్టడానికన్నా రాసుండాల. కొనేవాడు భూతద్దం పెట్టి చూడడా? ఒక్కసారి ఛీ అన్నాడంటే, ఆ డబ్బీలో ఉండే మంచి నాణేన్ని కూడా ఎవరూ ముట్టుకోరు."

"ఒక్క రూపాయితో తేల్చేస్తావా?"

"మంచోళ్ళని తేల్చాలంటే ఇంకా చూడాల. అబద్ధం చెప్పినోణ్ణి తేల్చడానికి ఒకటి చాలదా?"

నాకింకా కోపం తగ్గలేదని గమనించి భూతద్దం నా చేతికిచ్చింది. రాణి చెంప మీద వెంట్రుకల్లాంటి గీతలు, సుడి తిరిగినట్టు ఒకదానిలో ఒకటి. మా అమ్మ బొటనవేలు తిరిగిన దారి. ఎక్కడో కూర్చున్న మనిషి, మా అమ్మను ఎన్నడూ చూడనివాడు, ఆమె శుక్రవారాలను ఉన్నదున్నట్టు చూసి రాశాడు. పొగిడినవాడి కంటికి ఆమె కనబడనే లేదు.

మృదంగం ఆయన కాసేపు మోకాలి మీద వేళ్ళతో తాళం వేశాడు.

"సరేలేమ్మా. కాదన్నాయన్నే ఉండమందాం" అన్నాడు.

ఆయన నాణేలు వచ్చినప్పుడు కొన్నింటికి తక్కువ గ్రేడు వచ్చిందని గొణిగాడు. కానీ కొన్నవాళ్ళెవరూ ఒక్కటీ తిరిగి పంపలేదు. తర్వాతి ఏకాదశికి పారాయణ ముగిశాక ఆయనే లేచి ఈ సంగతంతా చెప్పాడు. ఆడవాళ్ళు మా కోడలి చుట్టూ మూగారు. ఎన్నో ఏళ్ళుగా పురాణం చెబుతున్నాను. నా మాట విని దాన్ని బతుకులో పెట్టుకున్న మనిషి నా ఇంట్లోనే ఉందని ఆ పూట గర్వంగా కూర్చున్నాను.

ఆ శుక్రవారం కోడలు రెండు డబ్బీలూ పగలగొట్టి రూపాయిలు బయటికి తీసింది. చింతపండు నానబెట్టి, నా వైపు చూసింది.

"తోమనా మామా, వద్దా?"

"తోమమ్మా" అన్నాను. "మనవాటికి ఎటూ గ్రేడు రాదు."

"మందిరం వాళ్ళవి మాత్రం ఎవరూ తోమకుండా మీరే చెప్పాల" అని నవ్వి, రాణి చెంప మీద బొటనవేలు ఆనించింది.