గూట్లో పుస్తకం, ఒళ్లో పత్తికాయలు

పత్తి తీసే రోజుల్లో నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్లే బస్సెక్కితే, ముందు పోతున్న లారీలోంచి పచ్చి పత్తి వాసన కిటికీలోకి కొడుతుంది. ఎండాకు పొడీ, దుమ్మూ, గింజలోని నూనె చెమ్మా కలిసిన ఆ వాసన బాగుంటుందని ఎవరూ అనరు. నాకు మాత్రం దాంతోపాటు పదో తరగతి సోషల్ పాఠాలు గుర్తొస్తాయి, వేలికొసలు కాస్త సలుపుతాయి.

వత్సవాయి దగ్గర మా ఊళ్లో ఆ రోజుల్లో చదువంటే చప్పుడు. పొద్దుగుంకే వేళ గేదెలు ఇళ్లకు మళ్లి, పొయ్యిల పొగ సందంతా కమ్మి, తాలింపులో ఎండుమిరప ఘాటుకి వీధి వీధంతా తుమ్ముతున్నప్పుడు, చర్చి మైకులో పాట మొదలయ్యేలోగా ప్రతి వాకిట్లోనూ పిల్లలు చాపలు పరుచుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ, పక్కింటి గొంతు కంటే తమ గొంతు పైకి వినపడేలా చదివేవాళ్లు. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లు బాగా చదువుతున్నట్టు. ఆ లెక్కన మా వీధిలో నన్ను మించినవాళ్లు లేరు. నాన్న ట్రాక్టరు దిగి సందు మలుపు తిరిగేసరికే నా చదువు ఆయనకి ఎదురెళ్లేది.

అమ్మకి అక్షరాలు రావు. వంటింట్లో కూర కలుపుతూనే ఒక చెవి నా మీద వేసేది. గొంతు ఆగితే గరిటె ఆగేది. నేను మళ్లీ అందుకునేదాన్ని. అందుకున్నది నిన్నటి పేరానే అని, మొన్న కూడా అదేనని ఎవరికీ అనుమానం రాలేదు, నాకూ రాలేదు. చదువంటే అంతేనని నిజంగానే నమ్మాను. క్రిస్మస్ ముందు జరిగిన అర్ధసంవత్సర పరీక్షల్లో సోషలూ సైన్సూ రెండూ పోయాయి. ఆ పండక్కి అమ్మ అరిసెలూ చెక్కలూ చేసింది కానీ ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. పబ్లిక్ పరీక్ష గట్టెక్కితే జగ్గయ్యపేటలో ఇంటర్లో చేర్పిస్తానని, లేకపోతే అమ్మతో మిరపకోతలకి వెళ్లాల్సిందేనని నాన్న ఒక్కసారే చెప్పాడు. ఆయన ఏదీ రెండోసారి చెప్పే మనిషి కాదు. నాకు భయం వేసింది. అందుకని ఇంకా గట్టిగా చదివాను.

ఆ సంక్రాంతి సెలవులయ్యాక రూతు పిన్ని మా ఇంట్లో ఉండటానికి వచ్చింది. అమ్మకి చెల్లెలు, పక్క ఊరి బళ్లో విద్యావాలంటీరుగా కుదిరింది. వచ్చిన సాయంత్రం చాలాసేపు నా చదువు విని, పుస్తకం లాక్కుని మూసి, నల్లరేగడి నేలల్లో ఏం పండుతుందని అడిగింది. నేను ఊగుతూ ఆ పేరా మొదటి నుంచి అందుకున్నాను. మధ్యలో ఆపి మళ్లీ అడిగింది. మళ్లీ మొదటి నుంచే వెళ్లాను. నాకు మధ్యలోంచి దారి లేదు. పిన్ని నా పాదాల వైపు చూసింది. పొద్దుట చేలో నడిచొచ్చిన నల్లమట్టి వాటికి అట్టలు కట్టి ఉంది. ఎదురుగా గోడవారన పత్తి గుట్టగా పోసి ఉంది. పిన్ని నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

పత్తికి అది ఆఖరి విడత. సగం విచ్చిన కాయల్ని చెట్టు మీదే వలుస్తూ కూర్చోకుండా, కాయలుగానే తెంపుకొచ్చి సాయంత్రాలు ఇంటి దగ్గర వలవడం మా వైపు అలవాటు. మర్నాటి నుంచి పిన్ని నా ఒళ్లో కాయల బుట్ట పెట్టింది. పాఠం ఒకసారి మనసులో చదువుకోవాలి, పుస్తకం గోడ గూట్లో పెట్టేయాలి, కాయలు వలుస్తూ ఆ పాఠం నా మాటల్లో చెప్పాలి. తట్టకపోతే పిన్ని అందించదు. నేనే లేచి, ఒళ్లోని నుసి దులుపుకుని, గూటి దాకా వెళ్లి చూసుకుని రావాలి. ఎండిన కాయ మొనలు గోటి సందుల్లో గుచ్చుకునేవి. లేచి వెళ్లడం విసుగై, చదివేటప్పుడే గట్టిగా పట్టుకోవడం అలవాటైంది. కొత్త పాఠానికి ముందు నిన్నటిది చెప్పాలి. బుట్ట ఖాళీ అయితే ఇక పుస్తకం ముట్టుకోనిచ్చేది కాదు.

ఇది అమ్మకి నచ్చలేదు. ఇంట్లోంచి చదువు వినపడటం మానేసింది. పిల్లని బడి మానిపించారా అని పక్కింటావిడ అడిగిందట. ఒక సాయంత్రం అమ్మ వచ్చి బుట్ట పక్కకి జరిపి, గూట్లోంచి పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. "గొంతు వినపడకపోతే ఇది చదువుతుందో లేదో నాకెట్టా తెలుస్తదే రూతూ?" అంది. తన కూతురు తనలాగే అవుతుందని ఆమె భయం.

పిన్ని వాదించలేదు. "నువ్వే కూర్చో అక్కా. నీకే చెప్తది, విను" అంది.

అమ్మ పొయ్యి కింద మంట తగ్గించి వచ్చి కూర్చుంది. నేను రుతుపవనాల పాఠం చెప్పాను. అమ్మ కథ విన్నట్టే "ఊఁ" కొట్టింది. ఎక్కడైనా ఆగితే, "ఊఁ, ఆ తర్వాత?" అనేది. పాఠంలో తప్పొప్పులు ఆమెకి తెలిసే వీలు లేదు. కానీ ఎదురుగా వినేవాళ్లు ఉన్నప్పుడు మాట మధ్యలో వదిలేయడం కష్టం. ఆ రోజు నుంచి రోజూ ఆమె వచ్చి కూర్చునేది. కూర రెండు మూడుసార్లు మాడింది కూడా.

సోషల్ పరీక్ష రోజు, పేటలోని సెంటర్లో, నాకు తెలియకుండానే నా ఎడమ చెయ్యి బల్ల కింద కదులుతోందట. ఇన్విజిలేటరు సారు చీటీ అనుకుని వచ్చి చెయ్యి చూపించమన్నారు. గీతలు పడిన ఉత్త వేళ్లు తప్ప ఏమీ లేవు. ఏం చేస్తున్నావని గద్దించారు.

"పత్తి వలుస్తున్నానండి" అన్నాను.

ఆయన నా వేళ్లు ఇంకోసారి తిప్పి చూసి, పక్క వరసలోకి వెళ్లారు. నేను పాసయ్యాను. గొప్ప మార్కులేమీ కావు. నాన్న చెప్పినట్టే పేటలో చేర్పించాడు.

ఇప్పుడు నందిగామలో మా ఇంట్లో చదువు వినపడదు. మా అమ్మాయి చెవుల్లో ఏదో పెట్టుకుని, ఫోన్లో పాఠం చూస్తూ, గంటల తరబడి కదలకుండా కూర్చుంటుంది. మేమంతా శ్రద్ధగా చదువుతోందనుకున్నాం. మొన్న టెస్టులో రెండు సబ్జెక్టులు పోయాయి. మా ఊళ్లో ఆఖరి విడత కాయల కోసం ఇప్పుడెవరూ ఆగడం లేదు, చెట్లతో సహా దున్నేస్తున్నారు. మట్టిగోడలు పోయాయి కాబట్టి గూళ్లూ లేవు. అమ్మ పోయి నాలుగేళ్లవుతోంది.

నిన్న బజార్లో కందికాయలు కొన్నాను. ఫోను ఫ్రిజ్ మీద పెట్టి, పళ్లెం ఒళ్లో పెట్టి, పాఠం నాకు చెప్పమన్నాను. అమ్మాయి విసుక్కుంటూనే మొదలుపెట్టింది. కాయలు వలుస్తూ సగం దాకా వచ్చి ఆగింది. తట్టక ఆగిందేమో అనుకున్నాను. తలెత్తి, "వింటున్నావా అమ్మా?" అంది.

స్టవ్ తగ్గించి వచ్చి ఎదురుగా కూర్చున్నాను.

"ఊఁ, ఆ తర్వాత?" అన్నాను.