వసారాలో వెంకటసామి కుర్చీ

మలేషియాలోని బాగన్ దాతుక్ పామాయిల్ తోటలో గెలలు కోసే వెంకటసామికి యాభై రెండేళ్ళు. పొడుగు గెడ ఎత్తీ ఎత్తీ మెడ ఓ పక్కకి వాలిపోయింది. ఇంట్లో ముసలి తల్లి కామాచ్చి, మొగుడు పోయాక ఏడేళ్ళుగా పుట్టింట్లోనే ఉంటున్న చెల్లెలు దేవకి. పొద్దు వాలితే దేవకి వసారాలో కూర్చుని కొబ్బరాకు ఈనెలు చీల్చి చీపుర్లు కడుతుంది.

ఆ వసారా మెట్టు మీదికి సాయి సెంగ్ రావడం మొదలెట్టాడు. బర్మాలో షాన్ కొండల మనిషి. అదే తోటలో గెలలు మోస్తాడు. నలభై దాటినా పెళ్ళి కాలేదు. వచ్చి, మెట్టు చివర కూర్చుని, తనూ ఓ చాకు తీసుకుని ఈనెలు చీల్చేవాడు. మాటలు తక్కువే. కానీ ఓ సాయంత్రం దేవకి నవ్వడం లోపలున్న వెంకటసామికి వినిపించింది. ఏడేళ్ళ తరవాత వినిపించిన నవ్వు. ఆడు పెళ్ళికి అడిగితే కాదనకూడదు అనుకున్నాడు.

అంతలో ఆ కాళ్ళు చూశాడు. వానరోజు సాయి సెంగ్ తోట కాలవలో జారిపడి, లేచి ప్యాంటు విప్పి పిండుకున్నాడు. నడుం నుంచి మోకాళ్ళ దాకా పచ్చబొట్లే. పులులు, చక్రాలు, ఏవో అక్షరాలు. సూది మోపడానికి చోటు లేదు. నల్లటి నిక్కరు తొడుక్కున్నట్టుంది.

పక్కనున్న ముత్తుసామి చెవిలో ఊదాడు. "సూసినావా అన్నా? గ్యాంగోడే! జైల్లో పొడిపించుకుంటారియి. మీ ఇంటికొస్తన్నాడంట గదా?"

ఆ పూట వెంకటసామి ఇంటికెళ్ళగానే తల్లికి చెప్పాడు. కామాచ్చి ముడతల చెయ్యి చాపింది. మోచేతి కింద వెలిసిపోయిన తేలు పచ్చబొట్టు.

"మరిదేటిరా? నన్నూ గ్యాంగనెయ్యి."

"నీది ఒక్క తేలే గదమ్మా. ఆడికి పులులున్నాయి!"

"తేలు మాత్రం కుట్టదేటి?"

తల్లికి నవ్వులాటే. వెంకటసామికి కాదు. ఆడినే అడుగుదామంటే, నిజంగా గ్యాంగోడైతే ముప్పు, కాకపోతే సిగ్గుచేటు. మర్నాడు సాయంత్రం ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వసారాలో వాళ్ళిద్దరి మధ్యా వేసుకు కూర్చున్నాడు. సాయి సెంగ్‌కి కాఫీ ఇప్పించాడు. వాన గురించీ, గెలల గురించీ మాట్లాడాడు. అతను లేచి వెళ్ళేదాకా కదల్లేదు. వచ్చినవాడికి మర్యాద జరిగింది, చెల్లెలికి కాపలా జరిగింది. అలా పది సాయంత్రాలు.

పదకొండోనాడు సాయి సెంగ్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. దేవకి కట్టిన చీపుర్లు వదులైపోతున్నాయి. రోడ్డు మీద ఏ మోటార్‌సైకిల్ చప్పుడైనా చెయ్యి ఆగిపోతోంది.

నాలుగోనాడు అడిగేసింది. "అన్నా, ఆడికేటైనా సెప్పినావా?"

"ఏటీ సెప్పలేదే! రోజూ కాఫీ కూడా ఇచ్చినాను గదా."

"నీ కాఫీ!" అని చాకు విసిరేసి లోపలికి పోయింది.

మర్నాడు పనిలో ముత్తుసామే కబురు చెప్పాడు. సాయి సెంగ్ తెలుక్ ఇంటాన్ దగ్గర తోటకి మార్పించుకున్నాడట. రేపు పొద్దున్నే లారీలో ప్రయాణమట. పీడ విరగడైందని వెంకటసామి అనుకోవాలి. అనుకోలేకపోయాడు. చెల్లెలి నవ్వే గుర్తొస్తోంది. పని దిగగానే కూలీల గదులకి వెళ్ళాడు. సాయి సెంగ్ చొక్కాలు మడత పెట్టుకుంటున్నాడు. ఇద్దరికీ మాట కలిసేది మలాయ్‌లోనే.

"ఎందుకు పోతున్నావు?"

"మీరే రావద్దన్నారు కదా, అబాంగ్." అన్నగారిని పిలిచినట్టే పిలిచాడు.

"నేనా? ఎప్పుడన్నాను?"

"పది రోజులు చెప్పారు. మా ఊళ్ళో ఆడది నూలు వడుకుతుంటే మగాడు వచ్చి పక్కన కూర్చుంటాడు. ఇష్టమైతే ఇంటి పెద్దలు లోపలికెళ్ళి ఓసారి దగ్గుతారు, మాట్లాడుకోండని. ఇష్టం లేకపోతే వచ్చి మధ్యలో కూర్చుంటారు. నోటితో అంటే మనిషికి అవమానం. మీరు మర్యాదగానే చెప్పారు."

వెంకటసామికి ఎర్ర కుర్చీ గుర్తొచ్చింది. అసలు సంగతి అడిగాడు. "మరి ఆ కాళ్ళు... జైల్లోనా?"

సాయి సెంగ్ తెల్లబోయి, పకపకా నవ్వాడు. "జైలా! పదిహేడేళ్ళప్పుడు మా మావయ్యలు ముగ్గురు నన్ను నొక్కిపట్టారు. నాలుగు రోజులు పచ్చబొట్లు పొడిచారు. కాళ్ళు తెల్లగా ఉంటే మా ఊరి ఆడపిల్లలు ఎగతాళి చేస్తారు, నొప్పికి జడిశాడని. అంతా పెళ్ళి కోసమే, అబాంగ్. ఆ తరవాత ఊళ్ళో గొడవలు. ఇటొచ్చేశాను. చూసేవాళ్ళే లేకపోయారు."

"ఇప్పుడే నాతో రా," అన్నాడు వెంకటసామి.

వసారాలో దేవకి తలెత్తింది. సాయి సెంగ్ మెట్టు మీద కూర్చుని చాకు తీసుకున్నాడు. వెంకటసామి ఎర్ర కుర్చీ ఎత్తుకుని లోపలికి నడిచి, తల్లికి ఆ దగ్గు సంగతి చెప్పాడు. చెప్పాక మళ్ళీ భయం పట్టుకుంది. ఏ ఊరో, ఏ మనుషులో. ఆడు చెప్పిందంతా నిజమేనా?

"దగ్గవేటిరా?" అంది కామాచ్చి.

మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారికి వచ్చింది దగ్గు.

బయట ఈనెలు చీల్చే చప్పుడు ఆగింది. "పొద్దున్న లారీ ఎక్కుతావా?" అని దేవకి గొంతు.

"దగ్గారు కదా," అన్నాడు సాయి సెంగ్. "ఎక్కను."

వెంకటసామి చేతిలో కుర్చీ ఇంకా అలాగే ఉంది. ఎక్కడ పెట్టాలో తోచలేదు.