తుంగను తిట్టే అవ్వ

దుత్తలూరు దగ్గర మా పొద్దుతిరుగుడు చేలో కలుపు తీసే అవ్వ మనుషులతో పెద్దగా మాట్లాడేది కాదు. ఆమె మాటలన్నీ తుంగ గడ్డితోనే. మట్టిలోకి వేళ్ళు దింపి, అడుగున గడ్డతో సహా పెరికి, "ఏందే, మళ్ళీ వచ్చినావా? సిగ్గులేదా నీకు?" అని కసిరేది. ఆ తిట్లు వినాలనే నేను ఆమె పక్క సాలు పట్టేదాన్ని.

ఒక ఏడు విత్తనం వేయగానే నాయన కలుపు మందు కొట్టించినాడు. ఇంక కూలీలు అక్కరలేదన్నాడు. అవ్వ గట్టు మీద నిలబడి, శుభ్రంగా ఉన్న చేను చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

మిగతా కలుపు చచ్చింది గానీ, తుంగ మాత్రం గుంపుగా లేచింది. కబురు పంపితే అవ్వ వచ్చింది. ఈసారి ఎంత తిడుతుందోనని కాచుకున్నాను.

తొలి మొక్క ముందు కూర్చుని, దాన్ని పెరక్కుండా నిమిరింది.

"వచ్చినావా తల్లీ? నన్ను పిలిపించింది నువ్వే గదా" అనింది.