తోటికోడలు రాసిన గ్రిడ్

వేప్పనపల్లిలో మా మామగారికి మామిడి మొక్కల నర్సరీ ఉంది. దానికి వెబ్‌సైట్ కావాలన్నారు. హోసూరులో నేను చేసేది వెబ్ డిజైన్ పనే. కొత్తగా వచ్చిన నా తోటికోడలిదీ అదే పని. పేజీ ఫోన్‌కీ కంప్యూటర్‌కీ తగ్గట్టు సర్దుకోవడానికి నేను ఏళ్లుగా వాడుతున్న రెడీమేడ్ ఫ్రేమ్‌వర్క్ చాలన్నాను.

"నాలుగు పేజీలకి అంత బరువు ఏలక్కా? గ్రిడ్ మనమే రాసుకుందాము" అంది ఆమె. గ్రిడ్ అంటే పేజీలో ఏది ఎక్కడ ఉండాలో చెప్పే గళ్ల అమరిక కోడ్.

మాట కుదరక చెరొకటి చేసి చూపించాం. తోటలో సిగ్నల్ అంతంతమాత్రం. మామగారి ఫోన్‌లో నాది ఇంకా తిరుగుతూనే ఉంది, ఆమెది చటుక్కున తెరుచుకుంది.

"నీదే ఉండనీమ్మా, ఈడ బిన్నే వచ్చింది" అన్నారాయన ఆమెతో.

నవ్వాను గానీ కడుపు మండిపోయింది. నా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నా పనిని అలా మెచ్చుకున్నది లేదు. ఆ మధ్యాహ్నమే తప్పులు పట్టాలని ఆమె కోడ్ తెరిచాను. ఒక్కటీ దొరకలేదు. దాంతో ఇంకా మండింది.

మర్నాడు ఆఫీసులో కొత్త పనికి ఫ్రేమ్‌వర్క్ పక్కన పెట్టి, గ్రిడ్ నేనే రాసుకున్నాను. సాయంత్రం ఆమె అడిగింది:

"ఈ పొద్దు ఏం చేసినావక్కా?"

"ఏముంది, ఎప్పుడూ చేసేదే" అన్నాను.