ఐదింటికి తెరుచుకున్న సెలవు

నిడదవోలు సాల్మన్‌కు క్యాలెండరంటే మహా గురి. మిషన్ బడిలో ముప్పయ్యేళ్ళు గుమాస్తాగా చేశాడు. ఎర్రంకె కనిపిస్తే బడికి తాళం, అంతే. సగం సెలవు, ముప్పావు సెలవు ఆయన ఎరగడు. రిటైరయ్యాక హరిబాబు బ్రోకరాఫీసులో చేరాడు. వెండి, క్రూడాయిల్ లాంటివి రాబోయే నెలలకు ఇప్పుడే బేరమాడే ఫ్యూచర్స్ మార్కెట్ పని అక్కడిది. రైతులు ఫోన్ చేస్తే ఈయన ఆర్డర్లు కంప్యూటర్లో ఎక్కిస్తాడు.

ఆ మార్కెట్ వేళలే ఆయన బుర్ర తినేశాయి. పొద్దున్న తొమ్మిదికి తెరిచి రాత్రి పదకొండున్నరకు మూస్తారు. చలికాలంలో మాత్రం పన్నెండుకు ఐదు నిమిషాల ముందట. అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటే నిడదవోలులో మనం కూర్చోవడమేంటో హరిబాబు మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ సాల్మన్ తలూపాడు.

అంబేడ్కర్ జయంతి తారీఖు గోడమీది సెలవుల జాబితాలో కనిపించగానే, ఆ సాయంత్రం ఆరింటికి ఇంట్లోనే కూతురు వినీల ప్రధానం, అదే నిశ్చితార్థం, పెట్టుకున్నాడు. ఖాతాదారులందరినీ పేరుపేరునా పిలిచాడు. "ఆ రోజు మనకి మార్కెట్ ఉండదండి, తప్పకుండా రావాలి."

ఆ రోజు నాలుగింటికి విశాఖ నుంచి హరిబాబు ఫోన్.

"ఐదింటికి ఆఫీసు తెరుస్తున్నారు కదండీ?"

"ఇవాళ సెలవు కదండీ."

"సెలవు పొద్దుటి సెషన్‌కేనండి. సాయంత్రం ఉంటుంది. జాబితాలో పొద్దుటికొకటి, సాయంత్రానికొకటి రెండు గడులున్నాయి, చూళ్ళేదా? ఇలాంటి రోజుల్లో ఇన్నాళ్ళూ నేనే వచ్చి తెరిచేవాణ్ణి. ప్రధానం పొద్దున్నే అనుకున్నానండి."

సాల్మన్ గోడ గడియారం చూశాడు. సెలవు రోజున తెరుచుకునే మార్కెట్టేంటి? పెళ్ళికొడుకువాళ్ళు అప్పటికే సామర్లకోటలో రైలెక్కేశారు. "మానెయ్యండి ఆ ఉద్యోగం" అంది భార్య మెర్సీ. ఆరింటిలోపు వచ్చేస్తానని వినీలకు మాటిచ్చి, హడావిడిలో సెల్లు ఇంట్లోనే వదిలేసి పరిగెత్తాడు.

ఐదుంపావైనా ఆఫీసు ఫోన్ మోగలేదు. తెరమీద వెండి ధర పైకీ కిందికీ ఆడుతోంది. సెలవు రోజు ధర ఇవాళ్టి లెక్కా, రేపటి లెక్కా? తను లేచిన నిమిషానే ఎవరైనా ఫోన్ చేస్తే? ఇంకో ఐదు నిమిషాలు చూద్దామనుకున్నాడు. తర్వాత మరో ఐదు. అలా ఆరుంపావైంది.

అప్పుడు మోగింది. రోజూ మొదటి ఫోన్ చేసే తాతాజీ.

"చెప్పండి తాతాజీ గారూ, కొనాలా, అమ్మాలా?"

"కొనడమేంటండీ? అందరం మీ ఇంట్లోనే ఉన్నాం. మగపెళ్ళివారికి తిరుగు రైలుందని పాస్టరుగారు ఆగలేదు. ఉంగరాలు మార్చేశారు. తండ్రిగారేరీ అంటే మెర్సీ గారే లేచి నిలబడ్డారు. ఈ నంబరు నాకొక్కడికే నోటికొచ్చని నన్ను చెయ్యమన్నారు. మీరక్కడేం చేస్తున్నారు?"

సాల్మన్‌కు ఏడుపొచ్చింది. ఫోన్ చెయ్యగలవాళ్ళందరినీ తనే పిలిచి తన ఇంట్లో కూర్చోబెట్టాడు.

"మార్కెట్ తెరిచే ఉందండి" అన్నాడు.



"ఎవరికోసమండీ?"